చక్రముల మీది ఇల్లు, కరస్థలమందలి లింగము

శ్రీ గురుబసవలింగాయ నమః



మా ఇటిక్యాలకు సమీపమున ఎఱ్ఱవల్లి చౌరస్తా కలదు. హైదరాబాదు నుండి బెంగుళూరునకు పోవు 44వ జాతీయ రహదారి బీచుపల్లి ఆంజనేయస్వామి సన్నిధిని కృష్ణానదిని దాటి ఆ చౌరస్తాకు వచ్చును. కొంతకాలము క్రిందట ఆ మార్గముననే ఒక విచిత్ర వాహనము మా ఇంటి ముంగిటికి వచ్చి నిలిచినది. వెలుపల నుండి చూడ చిన్న బస్సు. లోపల చూడ సమస్తము అమరిన ఇల్లు. పొయ్యి కలదు, పడకలు కలవు, చల్లని నీటి పెట్టె కలదు, స్నానపు గది కలదు. దీనిని మోటారు ఇల్లందురు. ఇటువంటి బండ్లతో యాత్రలు చేయించుటకై కేరళ ప్రభుత్వము 2021లో ఒక పథకమునే ప్రకటించినది. పాశ్చాత్య దేశములలో ఇది ఎన్నో ఏండ్లుగా నున్న వాడుక. కొందరు ఈ ఇంటిని నడుపుకొనుచు దినమునకొక ఊరు తిరుగుదురు. మరికొందరు క్యారవాన్ అను చక్రముల గదిని కారు వెనుక తగిలించి లాగుకొనిపోయి, నచ్చిన చోట నిలిపి, నెలల తరబడి అక్కడనే కాపురముందురు. చక్రములుండియు అది కదలని ఇల్లే.

ఆ బండిని అద్దెకు తెచ్చినవాడు మా పెద్దమ్మ మనుమడు. హైదరాబాదులో ఉద్యోగి. బసవకల్యాణము, కూడలసంగమము, శ్రీశైలము చూచి వచ్చుటకు భార్యాబిడ్డలతో బయలుదేరినాడు. నాయనమ్మను కూడ రమ్మని ఎంతయో బ్రతిమాలినాడు. ఆమె రాలేదు. తిరుగుట మేలా, ఒకచోట నుండుట మేలా అను వాదము ఆనాడు మా అరుగు మీద పుట్టినది. నాయనమ్మ వలె మూల కూర్చుండినవారికి లోకము తెలియదని అతని పక్షము. ఊరూర తిరిగినవానికి ఏ ఊరును తనది కాదని ఆమె పక్షము. ఆ వాదమును నిమిత్తముగా గొని బసవన్న బోధను నేడు ఇంచుక విచారింతము.

మన మతమున స్థావరము, జంగమము అను రెండు మాటలు కలవు. ఒకచోట ప్రతిష్ఠింపబడి కదలక నుండునది స్థావరము. కదలునది జంగమము. 12వ శతాబ్దమున కల్యాణ పట్టణమున బిజ్జలుని కొలువులో నుండిన బసవన్న ఈ రెంటిలో జంగమమునకే పెద్దపీట వేసెను. గుడి వాకిట నిలువనీయబడని వాని మెడలో ఇష్టలింగమును నిలిపి, వాని దేహమునే దేవాలయము గావించెను. దేవుడు భక్తునితో కూడ పొలమునకు వచ్చును, మగ్గము వద్ద కూర్చుండును, ప్రయాణమున తోడుండును. ఇంతకంటె స్వేచ్ఛ ఏమి కలదు?

అయినచో తిరుగువాడెల్ల జంగముడేనా? ఇక్కడ మనము తొందరపడరాదు. గాలికి ఎగురు ఆకు కూడ తిరుగును. తిరుగుట కాలి గుణము. జంగమత్వము మనసు గుణము. అల్లమప్రభువు ఎక్కడను కుదురుగ నిలువక సంచరించెను. ఉడుతడిలో పుట్టిన అక్కమహాదేవి కల్యాణమునకు నడచి, అక్కడ నుండి శ్రీశైలపు కదళీవనమునకు నడచెను. వారు వెంట ఏమి కొనిపోయిరి? విడిచినవే ఎక్కువ, తెచ్చుకొన్నవి తక్కువ. మరి కాశ్మీర దేశపు రాజని పెద్దలు చెప్పు మోళిగె మారయ్య రాజ్యమును విడిచి అంత దూరము నడచి వచ్చి, కల్యాణమున స్థిరపడి, దినదినము కట్టెల మోపు అమ్మి జంగములకు అన్నము పెట్టెను. అక్క నడచి ధన్యురాలైనది. మారయ్య నిలిచి ధన్యుడైనాడు. కావున నడకలోను నిలుకడలోను దోషము లేదు. దోషము మరియొక చోట నున్నది.

దానిని తెలిసికొనుటకు సొన్నలిగె సిద్ధరామయ్య చరిత్రను స్మరింతము. బాలుడైన సిద్ధరాముడు చేని కావలి కాయుచుండగా ఒక జంగముడు వచ్చి, తాను శ్రీశైల మల్లయ్యనని చెప్పి, ఆకలి తీర్పుమనెను. బాలుడు పచ్చి కంకులు కాల్చి పెట్టెను. అతడు మజ్జిగ అన్నము కావలెనన్నాడు. బాలుడు ఇంటికి పరుగెత్తి తెచ్చుసరికి అతిథి లేడు. 'మల్లయ్యా, మల్లయ్యా' యని ఏడ్చుచు, దారిన పోవు యాత్రికులతో కలిసి శ్రీశైలమునకు పోయెను. వారు గర్భగుడిలోని లింగమును చూపి ఈయనయే మల్లయ్య యనిరి. నా మజ్జిగ అన్నము అడిగినవాడు ఈయన కాడని బాలుడు కొండకోనలు వెదకి, కానక, లోయలోనికి దుముక సిద్ధపడెను. అప్పుడు మల్లయ్య ప్రత్యక్షమై పట్టుకొనెను. పట్టుకొని ఏమి చెప్పెను? ఇక్కడనే నా గుడిలో నుండుమని చెప్పలేదు. తిరిగి నీ సొన్నలిగెకు పొమ్మనెను. సిద్ధరాముడు మరలి వచ్చి చెరువులు త్రవ్వించెను, గుడులు కట్టించెను. తరువాత అల్లమప్రభువు వచ్చి, ఆ చెరువులయందును గుడులయందును 'నేను చేసితిని' అను భావమేమైన మిగిలియున్నదా యని పరీక్షించి, కల్యాణమునకు తోడ్కొనిపోయెను.

శరణులారా, ఈ కథలో ప్రయాణము కలదు, ఇల్లు కలదు. దేవుడు ఆకలితో చేని గట్టునకు వచ్చినాడు. భక్తుడు ఆకలి తీర్చుటకై కొండకు పోయినాడు. మరల తన ఊరి పనికి వచ్చినాడు. నడకకు ఆకలియే కారణము, నిలుకడకు సేవయే కారణము. ఈ రెండును లేనప్పుడు నడకయు వ్యర్థము, నిలుకడయు వ్యర్థము.

మా అరుగు మీది వాదమునకు మరలి వత్తము. అయిదు దినముల తరువాత బండి తిరిగి వచ్చినది. పిల్లవాడు తన ఫోనులో చిత్రములు చూపినాడు. కూడలసంగమమున కృష్ణా మలప్రభలు కలియుచున్నవి. నారాయణపుర జలాశయపు నీరు చుట్టుముట్టగా, బసవన్న లింగైక్యమైన తావును బావి వంటి కట్టడముతో కాపాడి, మెట్లు దిగి దర్శించునట్లు చేసియున్నారు. పెద్దమ్మ అన్నియు చూచినది. చూచి ఒక్క ప్రశ్న వేసినది.

"బిడ్డా, తొవ్వల ఎవరింట్ల నీళ్లు తాగిండ్రు?"

పిల్లవాడు నవ్వి, మాకు ఆ అవసరమే రాలేదు నాయనమ్మా, నీళ్లు, వంట, పడక అన్నీ బండిలోనే యున్నవని చెప్పినాడు.

"మరి ఎవరికి పెట్టిండ్రు?"

అతడు మాటాడలేదు.

ఆ ప్రశ్నకు వెనుక మన సంప్రదాయమంతయు కలదు. జంగముడు భిక్షకు వచ్చును. ఇచ్చువాని గడప తొక్కును, వాని కష్టము వినును, ఒక మంచి మాట చెప్పి పోవును. పెట్టువాడును పొందువాడును ఇరువురును ధన్యులగుదురు. ఉగాదికి కన్నడ దేశము నుండి శ్రీశైలమునకు కాలినడకన వచ్చు భక్తులను చూచినవారికి ఇది తెలియును. దారి పొడవున ఊళ్లవారు వారికి నీళ్లిత్తురు, అన్నము పెట్టుదురు, పుండ్లైన పాదములకు మందు పూయుదురు. భాష వేరైనను శరణార్థి ఒక్కటే. ఇల్లంతయు వెంట తెచ్చుకొన్నవాడు వేయి మైళ్లు పోయినను తన గడప దాటినవాడు కాడు. ఊళ్లు మారినవి, మనుష్యులు మారలేదు. అద్దమునకు ఆవల లోకము, ఈవల తాము.

ఆయ్దక్కి మారయ్య కథ ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. రాలిన బియ్యము ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు మామూలు కంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. నేటికి మనకు చాలినది తీసికొని మిగిలినది ఎక్కడ తెచ్చితివో అక్కడనే పోసి రమ్మని మగని వెనుకకు పంపెను. బండిలో సామాను సర్దునప్పుడు మన ఇండ్లలోని లక్కమ్మలు ఈ మాట ఒక్కసారి తలచుకొన్న చాలును.

ఇంతవరకు విన్నవారు, అయినచో పెద్దమ్మయే గెలిచినదని తలతురు. ఆమె పక్షమును కూడ విచారింపవలెను.

మా పెద్దమ్మ మెట్టినిల్లు కృష్ణా తుంగభద్రల నడుమ నుండిన ఒక పల్లె. శ్రీశైలము ఆనకట్ట నీటి క్రింద నూరుకు మించిన గ్రామములు మునిగినవి. వానిలో అది యొకటి. 1981లో ఊరు ఖాళీ చేసిననాడు నేను పదేండ్ల బాలుడను. దూలములు, తలుపులు, ధాన్యపు గంపలు ఎద్దుల బండ్ల మీద వేసికొని జనులు కదలిరి. పెద్దమ్మ వాకిట నిలిచి కడపటిసారి గడపకు పసుపు పూసినది నాకు నేటికిని కన్నులకు కట్టినట్లున్నది. ఆ ప్రాంతపు ప్రసిద్ధ క్షేత్రమైన కూడవెల్లి సంగమేశ్వరాలయమును మాత్రము రాయి రాయి విప్పి ఆలంపురమునకు తరలించి మరల నిలిపిరి. చాళుక్యుల నాటి గుడి అది. దానిని చూచిన ప్రతిసారి నాకొకటి తోచును. స్థావరమని మనము దేనిని నమ్మితిమో అదియును ఒకనాడు బండి యెక్కవలసి వచ్చినది. ఊరు పోయినది, ఇల్లు పోయినది, గుడి తావు మారినది. ఆనాడు ఏ కూలియు లేకుండ, ఏ గుర్తును వేయకుండ, పెద్దమ్మతో కూడ చెక్కు చెదరక వచ్చినది ఆమె మెడలోని లింగమొక్కటియే. బసవన్న దూరదృష్టి ఎంతటిదో నాకు గ్రంథములు చదివి తెలియలేదు, ఆ ఎద్దుల బండి మీద తెలిసినది.

కాని పెద్దమ్మ మనసు బండి యెక్కలేదు. అది ఆ గడప యొద్దనే ఉండిపోయినది. నలువది ఏండ్లకు పైగా ఆమె కొత్త ఊరి వాకిలి దాటి తీర్థమునకు గాని పెండ్లికి గాని పోయినది అరుదు. ఆలంపురము అంత దగ్గరనున్నను ఆ గుడికి పోలేదు. "ఆయన మా సంగమయ్య కాదు, మా సంగమయ్య నీళ్ల కింద ఉన్నడు" అని ఒక్కటే మాట. నిలిపి ఉంచిన క్యారవాన్ చక్రములకు రాళ్లు అడ్డము పెట్టుదురు. దుఃఖము కూడ అట్టి రాయియే. తిరుగువానికి సౌకర్యము బంధమైనట్లు, నిలిచినవారికి జ్ఞాపకము బంధమగును. ఒకరు ఇంటిని వెంట మోయుచున్నారు. ఒకరు లేని ఇంటిలో కాపురమున్నారు. ఇరువురిలో జంగముడెవడు?

ఆ రాత్రి నేను పెద్దమ్మకు సిద్ధరామయ్య కథ చెప్పితిని. గర్భగుడిలో మల్లయ్యను కానక ఏడ్చిన బాలునకు ఆయన లోయ అంచున కనబడెనని చెప్పితిని. ఎక్కడ వెదకిన అక్కడ లేనివాడు, ఎక్కడ ఏడ్చిన అక్కడికి వచ్చువాడు గదా యని అడిగితిని. ఆమె ఏమియు అనలేదు. తెల్లవారిన పిమ్మట మనుమని పిలిచి, "ఆ బండి ఇంక నీ దగ్గరనే ఉన్నదా కొడుకా?" అన్నది.

ఆ దినము బండి ఆలంపురమునకు పోయినది. పోవునప్పుడు పెద్దమ్మ ఒక షరతు పెట్టినది. తమ పాత ఊరివారు, నడువలేని ముసలివారు నలుగురు వేర్వేరు ఊళ్లలో కలరు. వారిని ఎక్కించుకొని పోవలెను. వారిలో ఇద్దరు మన మతమువారు కారు. బండిలోని పొయ్యి మీద కోడలు జొన్నగటక వండి అందరకు పెట్టినది. అద్దెకు తెచ్చిన ఆ మోటారు ఇల్లు ఆనాడు మహామనె యైనది. పెద్దమ్మ గుడి గోడకు చేయి ఆనించి చాల సేపు నిలిచినది. తరువాత మెడలోని లింగమును కరస్థలమున నుంచుకొని, ఆ గోడ నీడనే కూర్చుండి పూజ చేసికొన్నది. ఏడ్చినదా యని అడుగకుడు. ఏడ్చినది. కాని వచ్చునప్పుడు దారిలో, వచ్చే ఉగాదికి శ్రీశైలము పోవుదమా యని ఆమెయే అడిగినది.

శరణ బంధువులారా! మన బిడ్డలు నేడు హైదరాబాదునకు, పూనాకు, సముద్రములు దాటి అమెరికాకు పోవుచున్నారు. పాలమూరు కూలీలు తరతరములుగా దేశమంతట ఆనకట్టలు కట్టుటకు పోయిరి. పోవుట మనకు తప్పదు. ఇంటి వద్ద ఉండుటయు కొందరకు తప్పదు. పోవువానిని నిందింపకుడు, ఉండువానిని చులకన చేయకుడు. పోవువారు ఇష్టలింగమును మరువక, చాలినంత సామానే తీసికొని, దారిలో ఒకరి ఇంట నీళ్లు త్రాగి, ఒకరికి అన్నము పెట్టి రండు. ఉండువారు తలుపు తెరచియుంచుడు. వచ్చినవానిలో మల్లయ్యను చూచుటకు కన్నులు సిద్ధముగా నుంచుకొనుడు. మఠములలోని పూజ్యులకు నా విన్నపమొకటి: చరమూర్తులై మా పల్లెలకు దయచేయుడు. మఠమునకు రాలేని వృద్ధులు ఇంటింట కలరు. మీ పాదములు ఆ గడపలు తొక్కిననాడు అవియే కల్యాణములగును.

కూడలసంగమమున బసవన్న ఐక్యమైన ఆ కృష్ణమ్మయే మా బీచుపల్లి వంతెన క్రిందుగా వచ్చి, తుంగభద్రను కలుపుకొని, మునిగిన మా ఊళ్ల మీదుగా శ్రీశైలమునకు పోవుచున్నది. నది నడచుచునే యున్నది, ప్రతి రేవున నిలిచి దాహము తీర్చుచునే యున్నది. మన నడకయు నిలుకడయు అట్లే యగుగాక యని గురుబసవేశ్వరుని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.

శరణు శరణార్థి.