గుర్తులేని నొప్పి ఎవరిది?

మత్తు ఇచ్చాక, ఒళ్లు కదలకుండా కండరాలను పూర్తిగా సడలించే మందు కూడా చాలా ఆపరేషన్లలో ఎక్కిస్తారు. అప్పుడు స్పృహ మిగిలి ఉన్నా మనిషి కనురెప్ప సైతం ఎత్తలేడు. 1977లో టన్‌స్టాల్ అనే మత్తు డాక్టరు దీనికో ఉపాయం చెప్పాడు. ఆ మందు ఇచ్చే ముందే ఒక చేతికి బీపీ పట్టీ బిగించి, ఆ చేతిలోకి మందు చేరకుండా ఆపడం. తర్వాత చెవి దగ్గర "నా చెయ్యి నొక్కండి" అని అడగడం. అంతే.

2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, శ్వాసగొట్టం వేశాక 260 మందిని ఇలా అడిగితే 12 మంది నొక్కారు. నొప్పి ఉంటే మళ్లీ నొక్కమంటే అయిదుగురు నొక్కారు. తెలివొచ్చాక ఆరా తీస్తే ఏ ఒక్కరూ ఆ సంగతి చెప్పలేదు.

ఆ అయిదుగురి దగ్గర నా ఆలోచన చిక్కుకుంది. ఇంటికెళ్లి "నాకేం తెలియనే లేదు" అనే మనిషి అబద్ధమాడడం లేదు. చెయ్యి నొక్కిన మనిషీ అబద్ధమాడలేదు. ఎవరి మాట చెల్లాలి?

నిద్ర లేచినవాడు "సుఖంగా పడుకున్నాను, ఏమీ తెలియలేదు" అంటాడు కాబట్టి, ఆ తెలియకపోవడాన్ని చూసిన సాక్షి గాఢనిద్రలోనూ ఉన్నాడని అద్వైతుల వాదం. ఆ వాదమంతా జ్ఞాపకం మీద నిలబడింది. ఇక్కడ జ్ఞాపకం లేదు, చేతి నొక్కు ఉంది. (ఇది వాళ్లకు తెలిసి ఉంటే ఎన్ని వ్యాఖ్యానాలు పుట్టేవో!)

నొక్కినంత మాత్రాన పూర్తి మెలకువ అనలేమని వాదించే పరిశోధకులూ ఉన్నారు. వాళ్ల అనుమానానికి కారణముంది. అడిగితే నొక్కే ఈ మనుషులు సాధారణంగా ఆ చేతిని తమంతట తాము కదపరు. తెలుస్తున్నా పట్టనట్టుండే స్థితి ఏదో ఉందేమో. ఉంటే, పట్టని నొప్పిని నొప్పి అనాలా?

ఒకప్పటి ప్రశ్న వేరు. 1888, 1889లలో నిజాం ఖర్చుతో హైదరాబాదులో, అప్పటి మత్తుమందు క్లోరోఫాం మీద జరిగిన కమిషన్లు తేల్చబోయింది ఊపిరి ముందు ఆగుతుందా, గుండె ముందా అన్నదే. ప్రాణం దక్కడమే గగనమైన రోజులవి, తప్పుపట్టలేం. ఇప్పుడు ఆ భయం చాలా తగ్గింది గనకే ఈ ప్రశ్నకు తీరిక దొరికింది.

మిడజోలాం లాంటి మందులు జ్ఞాపకం నిలవకుండా చేస్తాయి. చేదు అనుభవం మిగలకపోవడం మేలే, కాదనను. అయినా బాధ లేకుండా చేయడం, బాధ గుర్తులేకుండా చేయడం ఒకటే అని ఒప్పుకోవడానికి మనసు రాదు. ఆపరేషన్‌కు ముందు అంగీకార పత్రం మీద సంతకం పెట్టేది మెలకువలో ఉన్నవాడు. టేబుల్ మీద చెయ్యి నొక్కబోయేవాడి తరఫున పెట్టే హక్కు అతనికి ఎవరిచ్చారు?