పలకయు బెత్తమును

ఒకటవ తరగతి బిడ్డ 'ఇ' వ్రాయబోయి 'ఈ' వ్రాసిన యెడల దెబ్బ పడవలెనా? మన సంఘములలో అనేకులు సామెతలు 13:24 చూపి, పడవలెననియే అందురు. ఆ వచనము శిక్షను గూర్చినదే. అయితే శిక్ష తప్పునకు గదా! తెలియకపోవుట తప్పగునా? అబద్ధమాడిన బిడ్డ వేరు, అక్షరము రాని బిడ్డ వేరు. ఇద్దరిని ఒక్క బెత్తముతో దిద్దుట న్యాయము కాదని మేము తలంచుచున్నాము. నడక నేర్చుచు పడిన బిడ్డను ఏ తల్లియు కొట్టదు.

5 ఏండ్ల బిడ్డలలో కొందరి వ్రేళ్లకు బలపము పట్టు బలము ఇంకను చాలదు. అందుచేత మంచి పంతులమ్మ మొదట ఇసుకలో వ్రేలితో దిద్దించును, పాట పాడించును, చింతపిక్కలతో లెక్క నేర్పును. ఇది చూచి, "బడిలో ఆటలే గాని చదువేదీ?" అని సణుగువారు కలరు. 5 పిక్కలకు 3 చేర్చి తానే లెక్కపెట్టిన బిడ్డకు 8 అనగా నేమో తెలియును. దెబ్బకు జడిసి అప్పగించిన బిడ్డకు ఆ మాట మాత్రమే తెలియును. 3 మొదలు 8 ఏండ్ల వరకు ఆటపాటలద్వారా నేర్పవలెనని 2020 జాతీయ విద్యావిధానమును చెప్పుచున్నది.

బడిలో కొట్టుటను, మనస్సును వేధించుటను 2009 విద్యాహక్కు చట్టము 17వ సెక్షను నిషేధించినది. అయినను బెత్తము మానిన పంతులుగారితో, "నాలుగు తగిలించండి, అయ్యగారూ" అనునది తలిదండ్రులే. పిల్లలను విసిగింపవద్దని పౌలు వ్రాసినది, ఎఫెసీయులకు 6:4లో, పంతుళ్లకు కాదు, తండ్రులకు.