బోనముపై దీపము – భూమితో తిరుగు గాలి

ఆషాఢమాసమున సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి అమ్మవారి జాతరనాడు స్త్రీలు వేకువనే బారులు తీరుదురు. తలపై వేపమండలతో కూడిన బోనము, బోనముపై దీపము. 1813లో ఉజ్జయినిలో కలరా ప్రబలినపుడు అచ్చట సైన్యమున నున్న సురిటి అప్పయ్య అమ్మవారికి మ్రొక్కుకొని, 1815లో ఇచ్చట కొయ్యవిగ్రహమును ప్రతిష్ఠించెనని ఆలయచరిత్ర చెప్పును.

ఆ దీపమును చూచినవారికి ఒక సందేహము కలుగవలెను. భూమి తన చుట్టు తాను తిరుగుటచే సికింద్రాబాదు నేల గంటకు సుమారు 1590 కిలోమీటర్ల వేగమున తూర్పునకు సాగుచున్నది. గంటకు 200 కిలోమీటర్ల తుపానుగాలియే ఇంటికప్పులను ఎగురగొట్టును. మరి ఈ చిన్నదీపము ఆరదేల?

ప్రశ్న ప్రాచీనమైనదే. క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు, పడవలో పోవువానికి ఒడ్డు వెనుకకు పోవునట్లే నక్షత్రములు పడమటికి పోవునట్లు తోచునని చెప్పెను. తరువాతి శతాబ్దమున అవంతీదేశపు వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో దీనిని అంగీకరింపలేదు. భూమి తిరిగినచో ఎగిరిన పక్షి గూటికెట్లు చేరును? ధ్వజములు ఎల్లప్పుడు పడమటికే రెపరెపలాడవలదా? ఆయనను చూచి నవ్వుట తగదు. ఆ ప్రశ్న వేయనివాడు సమాధానమును కూడ గ్రహింపలేడు.

సమాధానమిది: గాలి భూమికి పరాయిది కాదు. భూమి తన ఆకర్షణచే దానిని పట్టియుంచినది. నేల తనను తాకిన పొరను ఒరసి తనతో తీసికొనిపోవును, ఆ పొర పైపొరను లాగును. ఆవల దాదాపు శూన్యమే గనుక వెనుకకు పట్టిలాగునది లేదు. ఒకసారి లభించిన వేగము నిలిచియుండును. సికింద్రాబాదులో రైలెక్కినవాడు, బండి నిలుకడగా సాగునపుడు, మూసిన పెట్టెలో నిమ్మపండు ఎగురవేసినచో అది మరల చేతిలోనే పడును. లోపలి గాలియు బండితోనే పోవుచుండుట అందులకు సాక్ష్యము. ఈ ఊరికి చేరువనే ఈసీఐఎల్ ప్రాంతమున టాటా మౌలిక పరిశోధన సంస్థవారి కేంద్రమునుండి ఎగురవేసిన బెలూనులు ముప్పది కిలోమీటర్లకు పైబడిన ఎత్తు చేరియు, అచ్చటి గాలుల ననుసరించి మెల్లగా కదలునే గాని, నేల తమను విడిచిపోయినట్లు పడమటికి దూసికొనిపోవు.

"తల్లి నన్ను మోయుచున్నదన్న గుర్తేది?" అని భక్తుడు దుఃఖించును. కుదుపు లేని మోత తెలియరాదు. గీత తొమ్మిదవ అధ్యాయమున, అంతట సంచరించు వాయువు ఆకాశమునందే నిలిచియున్నట్లు భూతములన్నియు తనయందే నిలిచినవని భగవానుడు చెప్పుట ఇచ్చట స్మరణీయము. అయితే భూభ్రమణము గీతలోనే యున్నదని వాదించువారు గీతకును, గణితమునకును కూడ అన్యాయము చేయుదురు. ఉపమానము ఉపమానమే.

గాలి భూమితో సంపూర్ణముగా సరితూగదు. ఆ తేడాయే మనకు గాలివీచుటగా తెలియును. భూమధ్యరేఖవద్ద వేగము గంటకు 1670 కిలోమీటర్లు. అచ్చటి వాయువు ఆ వేగముతోనే ఉత్తరమునకు, నేల కొంత మెల్లగా సాగు తావులకు వచ్చుటచే తూర్పునకు ఒరిగి, నైరుతి ఋతుపవనమగును. జాతరనాడు కురియు జల్లు అదియే. స్త్రీలు చేయి అడ్డుపెట్టి దీపమును కాచుకొనుచు అమ్మవారి వాకిటికి నడతురు.