ఋణము తీర్చు నడక

కొండకు కాలినడకన పోయే యాత్రికుని ఆపి, "బస్సులున్నవి గదా, ఎందుకీ శ్రమ?" అని అడిగితే అతడు చిరునవ్వు నవ్వి మరొక మెట్టు ఎక్కుతాడే గాని వాదానికి దిగడు. మొక్కుకున్నవానికి ఆ ప్రశ్న తగలదు. అయితే ఈ కాలంలో మరొక విధమైన పాదయాత్ర కానవస్తున్నది. రాచపుండు అని మన పెద్దలు భయపడుతూ చెప్పుకొన్న కాన్సరు వ్యాధిపై జరిగే పరిశోధనకు విరాళాలు కూర్చడానికై వందల మైళ్ళు నడవాలని కొందరు సంకల్పిస్తున్నారు. ఏ దారిన పోవాలి, మజిలీలు ఎక్కడ, తోడు ఎవరు, ఖర్చు ఎంత అని నెలల తరబడి యోచిస్తున్నారు. వీరిని చూచి వివేకవంతులే ఒక మాట అంటారు: "కావలసినది ధనమైతే నేరుగా ధనమే ఇవ్వవచ్చును గదా! ఒకడు నడిస్తే మరొకని వ్యాధి కుదురుతుందా? ఇది దానమా, ప్రదర్శనమా?"

ఈ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు. దీనికి సమాధానం తర్కంలో వెదకడం కంటె ఒక జీవితంలో వెదకడం మేలు.

కెనడా దేశంలో టెర్రీ ఫాక్స్ అనే యువకుడు ఉండేవాడు. 1958లో పుట్టాడు. ఆటలంటే ప్రాణం. 1977లో, పందొమ్మిదేండ్లైనా నిండకముందే, అతని కుడికాలి ఎముకకు కాన్సరు సోకింది. మోకాలికి పైభాగాన కాలు తీసివేశారు. అప్పుడు వైద్యులు అతనికి ఒక సంగతి చెప్పారు. అతడు బ్రతికేందుకు నూటికి యాభై పాళ్ళు అవకాశమున్నది. రెండేండ్లకు మునుపే ఈ వ్యాధి వచ్చి ఉంటే ఆ అవకాశం నూటికి పదిహేను పాళ్ళే. ఆ నడిమి కాలంలో వైద్యశాస్త్రం వేసిన ముందడుగు వల్లనే ఇంత భేదం కలిగింది.

ఈ మాట విన్నవారిలో చాలామంది తమ అదృష్టానికి సంతోషించి ఊరుకుంటారు. టెర్రీ ఊరుకోలేదు. పదిహేనుకూ యాభైకీ నడుమనున్న ఆ ముప్పది అయిదు పాళ్ళు ఎవరిచ్చినవి? ఎవరో ముక్కూ మొగమూ తెలియనివారు ఇచ్చిన ధనంతో, ఎవరో ప్రయోగశాలలో రాత్రులు గడిపితే, తమకు ముందు అదే మంచం మీద బాధపడిన రోగులు కొత్త చికిత్సలకు తమ దేహాలను ఒప్పగిస్తే వచ్చినవి. వారెవరికీ ఇతడెవరో తెలియదు.

మన పెద్దలు మనిషి ఋణాలతోనే పుడతాడని చెప్పారు. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడింటిని లెక్కించి, మనుష్యఋణం అని నాలుగవదానిని కూడ పేర్కొన్నారు. ఈ ఋణాలలో ఒక విచిత్రమున్నది. అప్పు ఇచ్చినవారికి దానిని తిరిగి ఇచ్చే వీలు చాలవరకు ఉండదు. జ్ఞానమిచ్చిన ఋషికి మనం ఇవ్వగలిగినది ఏమున్నది? ఆ జ్ఞానాన్ని అభ్యసించి తరువాతివానికి అందించడమే ఆ ఋణం తీర్చడం. తండ్రికి పడిన ఋణం బిడ్డను పెంచడంతో తీరుతుంది. వెనుకటివారి వద్ద తీసుకొని ముందటివారికి చెల్లించడమే ఈ ధర్మంలోని కిటుకు. టెర్రీ ఫాక్స్ మన శాస్త్రాలు చదివినవాడు కాడు. అయినా అతనికి తోచినది ఇదే. తన దేశాన్ని తూర్పు సముద్రం నుండి పడమటి సముద్రం వరకు కృత్రిమమైన కాలితో పరుగెత్తి, పరిశోధనకు ధనం కూర్చాలని నిశ్చయించుకొన్నాడు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. ఋణం తీర్చడానికి నడవడమెందుకు? ఇరువది ఏండ్ల యువకుని వద్ద ఇచ్చేందుకు ధనమెక్కడిది? ఉన్నది దేహమొక్కటే. దానినే పెట్టుబడిగా పెట్టాడు. పైగా నడిచి వచ్చిన యాచకుడు వేరు, జాబు వ్రాసి అడిగిన యాచకుడు వేరు. 1951 ఏప్రిల్ 18న వినోబాభావే మన పోచంపల్లికి కాలినడకన వచ్చినప్పుడు, భూమిలేని హరిజనుల కోరిక విని ఊరివారిని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరాలు ఇచ్చారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. ధూళి నిండిన కాళ్ళతో ఎదుట నిలిచిన మనిషి మాటకున్న బలం అటువంటిది. న్యూఫౌండ్‌లాండ్‌లో పోర్ట్ ఓ బాస్క్ అనే చిన్న పట్టణంలో సుమారు పదివేల జనాభా. టెర్రీ అక్కడికి చేరేసరికి పదివేల డాలర్లు పోగుచేసి ఇచ్చారు. ఆ మొత్తం వారి వద్ద అంతకు ముందూ ఉన్నదే. ఇవ్వాలనే తలపు మాత్రం అతని అడుగుల చప్పుడుతో కలిగింది.

నడకను దానమనుకొంటే గర్వం వస్తుంది. ఋణమనుకొంటే వినయం వస్తుంది. పాదయాత్ర తలపెట్టేవారు ఈ భేదాన్ని మొదటి రోజే మనసులో నాటుకోవాలి. యాత్రలో తరువాత ఎదురయ్యే ధర్మసందేహాలన్నీ దీనితోనే విడిపోతాయి.

మొదటిది ఖర్చు. అప్పు తీర్చడానికి పోయేవాడు దారిలో ఆ సొమ్ముతో విందులు చేసుకోడు. 1930లో దండియాత్ర సాగుతుండగా, మార్చి 29న భాట్‌గామ్ అనే ఊరిలో గాంధీజీ తమ బృందాన్ని, దానితోపాటు తమను తామే, తీవ్రంగా మందలించుకొన్నారు. యాత్రికుల కొరకు సూరతు నుండి మోటారులో పాలు తెప్పించడం, రాత్రివేళ బరువైన దీపాన్ని ఒక కూలివాని తలపై మోయించి అతనిని తొందరపెట్టడం ఆయనను బాధించాయి. ప్రజాధనానికి మనం ధర్మకర్తలమే గాని యజమానులం కామన్నది ఆయన భావం. బ్యానర్లకు, బనియన్లకు, ఫలాహారాలకు పోగా మిగిలినది పరిశోధనకు అనే యాత్రికులు ఈ ఘట్టాన్ని ఒకసారి తలచుకోవాలి. పైసా పైసాకూ లెక్క వ్రాయడం కూడా వ్రతనియమమే.

రెండవది కీర్తి. అప్పు తీర్చేవాడు డప్పు కొట్టించుకోడు. టెర్రీకి కొన్ని సంస్థలు వాహనాన్ని, ఇంధనాన్ని, బూట్లను ఇచ్చి సాయపడ్డాయి. కాని తమ సరకును మెచ్చుకొని ప్రచారం చేయమన్న సంస్థల సహాయాన్ని అతడు తిరస్కరించాడు. ఈ పరుగు వల్ల ఎవరికీ లాభం కలుగరాదన్నాడు. అతని పేరిట 1981 నుండి ఏటా జరిగే పరుగులో నేటికీ పోటీ లేదు, విజేత లేడు, బహుమానం లేదు.

మూడవది దేహం. ఇక్కడ ధర్మం సూక్ష్మమైనది. టెర్రీ పథకం తొందరపాటుతో వేసినది కాదు. పదునాలుగు నెలలు సాధన చేసి, 5,000 కిలోమీటర్లకు పైగా పరుగెత్తిన తరువాతనే బయలుదేరాడు. గుండె పెద్దదైనదని గమనించిన వైద్యులకు, ఇబ్బంది కలిగితే ఆపుతానని మాట ఇచ్చాడు. కాని దారిలో పడిన తరువాత, నొప్పులతో కుంటుతున్నా, క్రమం తప్పక వైద్యునికి చూపించుకోవడానికి ఒప్పుకోలేదు; ఇరువది రెండవ పుట్టినరోజున కూడా పరుగెత్తాడు. ఆ పట్టుదలకు చేతులెత్తి నమస్కరిద్దాం. కాని దానిని అందరికీ విధిగా చెప్పకూడదు. ఋణం తీర్చే సాధనమే ఈ శరీరమైనప్పుడు దానిని చేజేతులా పాడుచేసుకోవడం మరొక ఋణాన్ని తెచ్చుకోవడమే. వయసు, బలం చూచుకొని మజిలీలు వేసుకోవడం, వెంట వైద్యుని ఉంచుకోవడం పిరికితనం కాదు.

చివరిది ఫలం. అన్నదానంలో తృప్తి అప్పటికప్పుడే కంటికి కనిపిస్తుంది. ఆకలిగొన్నవాని ముఖమే సాక్షి. పరిశోధనకు ఇచ్చిన సొమ్ముకు అటువంటి సాక్షి లేడు. ఒక ప్రయోగం విఫలం కావచ్చు. ఫలించినా దాని ఫలం అందేది ఇంకా పుట్టనివానికి కావచ్చు. ఫలాపేక్ష విడిచి కర్మ చేయమన్న బోధను మనం ఎన్నోసార్లు విన్నాము; దానిని ఆచరించి చూడడానికి ఇంతకంటె తగిన కార్యం అరుదు. తన పరుగు వ్యాధికి మందు కనిపెడుతుందని టెర్రీ కూడా చెప్పలేదు.

1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్ రేవులో తన కృత్రిమపాదాన్ని సముద్రజలంలో తడిపి అతడు బయలుదేరాడు. రెండు సీసాలలో ఆ నీటిని పట్టుకొన్నాడు. కాశీగంగను రామేశ్వరం చేర్చే యాత్రికుని వలె, ఒక సీసా నీటిని పడమటి సముద్రంలో కలపాలని అతని కోరిక. 143 రోజులలో 5,373 కిలోమీటర్లు సాగాడు. సెప్టెంబరు 1న థండర్ బే పట్టణ సమీపంలో ఊపిరి ఆడలేదు. కాన్సరు ఊపిరితిత్తులకు ప్రాకింది. పరుగు అక్కడ ఆగింది. 1981 జూన్ 28న అతడు కన్నుమూశాడు. అప్పటికే, తలకొక డాలరు చొప్పున తన దేశజనాభాకు సరిపడా 2 కోట్ల 40 లక్షల డాలర్లు సమకూడినాయి. నేటికి అతని పేర కూడిన సొమ్ము 80 కోట్ల డాలర్లు దాటింది.

ఆ నీరు అతని చేతి మీదుగా పడమటి సముద్రంలో కలవలేదు. ఆ విధంగా చూస్తే యాత్ర అసంపూర్ణమే. కాని ఋణమార్గంలో నడిచేవాడు గమ్యం చేరవలసిన పని లేదు. తనకు అందినదానిని తరువాతివాని చేతిలో పెట్టేంత దూరం నడిస్తే చాలు. నేడు పథకం వేసుకొంటున్న యువకులారా, దారి పటం ముందు పెట్టుకొన్నప్పుడు ఈ ఒక్క మాట తలచుకోండి. మీ మొదటి అడుగుకు ముందే మీ కొరకు ఎవరో నడిచి ఉన్నారు.