దొంగ లేని కేక

మోటారు కారులో అమర్చిన అలారపు సైరను, దొంగ రాకయే అర్ధరాత్రమున మొఱపెట్టినచో ఆ దోషమెవ్వరిది? ప్రశ్న చిన్నదిగా గన్పట్టును. కాని కొంచెము తఱచి చూచినచో, మనము ఇరుగుపొరుగులకు ఏమి ఋణపడియున్నాము, చెడిన వస్తువును ఇంట బాగుచేసికొనువాడు దేనికి బాధ్యుడు అను విచారములు రెండును దానిలో నిమిడియున్నట్లు మాకు తోచుచున్నది.

ముందుగా యంత్రము సంగతి. 1990ల చివర ఐరోపాలో తయారైన పెక్కు స్పోర్ట్సు కార్లలో సైరను కేవలము బండి బ్యాటరీపై ఆధారపడియుండదు. దొంగ మొట్టమొదట ఆ బ్యాటరీ తీగనే కోయును గదా! అందుచేత సైరను డబ్బాలోనే చిన్న రీఛార్జి సెల్లులను దాచియుంచిరి. బయటి విద్యుత్తు తెగినంతనే వాని బలముతో సైరను తనంతట తాను కేకలు వేయును. యుక్తి మంచిదే. అయితే ఈ సెల్లులు నికెల్-కాడ్మియము జాతివో, నికెల్-మెటల్ హైడ్రైడు జాతివో అయియుండును. ఏండ్ల తరబడి ఇంజను వేడిలో నుండి అవి ముసలివగును. పైగా ఇట్టి బండి నెలల కొలది షెడ్డులో కదలక నిలిచియుండునది. పెద్ద బ్యాటరీ నీరసించును, దానితోపాటు ఇవియు నీరసించును. తుదకు సెల్లులలోని పొటాసియము హైడ్రాక్సైడు అను క్షారము బయటికి కారి, సర్క్యూటు పలకపైని రాగి గీతలను తినివేయును. అప్పుడు సైరను కొన్ని బండ్లలో మూగవోవును; కొన్నింటిలో నిష్కారణముగా కూయును. తనలోని క్షయమునకును బయటి దొంగకును భేదము దానికి తెలియదు.

“నాన్నా పులి” కథ మన పిల్లలందఱెఱిగినదే. అందు బాలుడు బొంకినాడు. గ్రామస్థులు మోసపోయి, నిజముగా పులి వచ్చిననాడు రాలేదు. తీర్పు చెప్పుట సులభము. సైరను విషయమున బొంకినవాడు లేడు. యంత్రమునకు మనస్సు లేదు, యజమాని నిద్రించుచున్నాడు. అయినను ఫలమొక్కటియే: మూడవ రాత్రి ఎవ్వరును కిటికీ తెఱవరు. తర్కము చదివినవారికిది క్రొత్త కాదు. పొగను జూచి నిప్పు నూహింతుము. పొగయున్న చోటనెల్ల నిప్పుండుటచేతనే ఆ యూహ నిలుచును. సాధ్యము లేనిచోటను కనబడు హేతువును అన్నంభట్టు తర్కసంగ్రహమున సవ్యభిచారమని హేత్వాభాసములలో చేర్చినాడు. చెడిన సైరను అట్టి హేతువు. ఇంతకంటె ఘోరమొకటి కలదు. చీకటిలో వినువానికి ఆ కేక ఏ బండిదో తెలియదు. కావున ఒక్క సైరను చెడినచో వీధిలోని సైరనులన్నియు నమ్మకము కోల్పోవును. నిజముగా దొంగ పడిననాడు పొరుగువాని సైరను కూసి కూసి వ్యర్థమగును. మన యశ్రద్ధకు వెల చెల్లించువాడు అతడు!

శాసనకర్తలు ఈ బాధను ఎఱుగకపోలేదు. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘపు వాహన నిబంధనలు సైరను మ్రోత 25 నుండి 30 సెకనుల వఱకే యుండవలెనన్నవి. న్యూయార్కు నగర శాసనము 3 నిమిషములలో ఆగవలెనన్నది. ఇవి కేక నిడివిని కొలిచినవే గాని దాని సత్యమును కొలువజాలవు. ఆ పని యజమానిది.

తీగ ఊడదీసి ఊరకుండిన పోలేదా యని కొందఱందురు. బండి అతనిది, అపాయమతనిది. మాకును మొదట నభ్యంతరము గన్పడలేదు. కాని అలారము పనిచేయుచున్నదని భీమా కంపెనీకి వ్రాసియిచ్చినవాడు, లేక ఆ మాట చెప్పి బండి నమ్మువాడు, తీగ ఊడదీసిన సంగతి దాచినచో అది బొంకే యగును. అంతవఱకు యంత్రము తెలియక చెప్పిన అబద్ధమును ఇప్పుడు మనుష్యుడు తెలిసి చెప్పుచున్నాడు. క్రొత్త సైరను కొందమన్నచో వెల యధికము. పాతదానిలో పాడైనవి తఱచుగా నాలుగు చిన్న సెల్లులే.

కనుక బాగుచేయుట మేలు. చదువుకొన్నవారు రంపమును, టంకపు కడ్డీని ముట్టుట చిన్నతనమని తలంచు అలవాటు మనలో నింకను పోలేదు; దానినిగూర్చి మఱియొకమాఱు వ్రాయుదుము. పనికి మాత్రము వరుస కలదు. బండి పుస్తకములో చెప్పిన క్రమమున అలారమును ముందుగా అణచక తీగ లాగినచో సైరను చెవి ప్రక్కనే అఱచును. దాని పని యదియే గదా. డబ్బా జిగురుతో మూసియుండును గనుక అంచు వెంబడి సన్నని రంపముతో కోయవలెను. నీరు చొరకుండ మూసిన తయారీదారును మేము నిందింపము. సెల్లులు మార్చుటకు దారి యుంచకపోవుటను మాత్రము మెచ్చజాలము. క్షారము చర్మమును కాల్చును, కన్నులకు మఱింత ప్రమాదము. చేతితొడుగులు, కండ్లద్దములు లేక ఈ పనికి పూనరాదు. వంటింటి నిమ్మరసమో వెనిగరో క్షారమును విఱుచును. పిదప స్పిరిటుతో తుడిచి బాగుగా ఆరనీయవలెను. క్రొత్త సెల్లులు అదే జాతివి, అదే వోల్టేజివి, రేకులు ముందే అతికినవి కొనవలెను. సెల్లుకే నేరుగా టంకము వేసినచో వేడికి లోపల చెడును. పాత సెల్లులను చెత్తబుట్టలో వేయరాదు, కాడ్మియము విషము. మన దేశమున 2022లో వెలువడిన బ్యాటరీ వ్యర్థముల నియమములు వానిని వేఱుగా సేకరించు కేంద్రములకు అప్పగింపుమనుచున్నవి.

రాగి గీతలు మిక్కిలి తినివేయబడినచో అతుకులు వేసి తృప్తిపడుట సరికాదు. అట్టి సైరను వారము దినములు మౌనముగానుండి మరల దొంగ లేని కేకయే వేయును. అప్పుడు క్రొత్తది కొనుటయే ధర్మము. బాగుచేసినవారు తఱచుగా ఒక్క పరీక్షతోనే సంతోషింతురు: బ్యాటరీ తీగ తీసిరి, సైరను కూసినది, పని ముగిసినది. ఇది అన్వయము మాత్రమే. దొంగ లేనప్పుడు కూయకుండుట, అనగా వ్యతిరేకము, ఇంకను తేలలేదు. మొదటి పరీక్షను డబ్బాకు దుప్పటి చుట్టి, పగటిపూట, ప్రక్కయింటివారికి ముందుగా చెప్పి చేయవచ్చును. రెండవదానికి ఒక నెల పట్టును. ఆ నెల బండిని ఇతరుల కిటికీల క్రింద గాక తన కిటికీ క్రిందనే నిలుపుకొని, రాత్రులు మేల్కొనవలసివచ్చినచో యజమానియే మేల్కొనవలెను.