నాలుగో మనిషి

ముక్త్యాల వైపు ఒక ఊళ్లో ఒక సంఘపెద్ద ఉండేవాడు. ఆరడుగుల మనిషి. ఇస్త్రీ చొక్కా నలగకుండా నిటారుగా నడిచేవాడు. మందిరంలో మొదటి కుర్చీ ఆయనది. తెలియక ఎవరన్నా అందులో కూర్చుంటే పాట మధ్యలోనైనా లేపించేవాడు. ప్రార్థనకు లేస్తే మాత్రం తాను ధూళినని, ఎందుకూ కొరగానివాడినని చెప్పుకునేవాడు, మైకు సరిచేయించుకుని మరీ.

ఆ ఊళ్లో కొత్త మందిరం లేచింది. గోడలకీ శ్లాబుకీ ఎక్కువ డబ్బు ఆయనదే, అందులో అబద్ధం లేదు. గచ్చు మాత్రం ఆడవాళ్లు పిడికెడు బియ్యంతో చేయించారు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చి ఇచ్చిన బియ్యం అది. ప్రతిష్ఠ దగ్గర పడుతుంటే పెద్దాయన గుంటూరులో నల్లరాతి ఫలకం చెక్కించాడు. పైన ‘దేవునికే మహిమ’ అని చిటికెన వేలంత అక్షరాలు. కింద ఆయన పేరు, జానెడు అక్షరాలు. గచ్చు సంగతి రాయడానికి రాతిమీద చోటు చాల్లేదు.

విజయవాడ మీదుగా తిరిగి రావడం దూరమని ఫలకాన్ని ట్రాలీ ఆటోలో వేయించుకుని మాదిపాడు రేవులో బల్లకట్టు ఎక్కించాడు. ఎండాకాలం. పైన పులిచింతలలో గేట్లు మూసి ఉండటంతో నీళ్లు బాగా తగ్గి, ముక్త్యాల ఒడ్డున ఇసుక మేట బయటపడింది. ఆటో బల్లకట్టు దిగీ దిగగానే వెనక చక్రం ఇసుకలో కూరుకుపోయింది.

బల్లకట్టు మీద పనిచేసే కుర్రాడు ఆ సంఘంవాడే. వెనక చాపమీద కూర్చుంటాడు. ఒక ఆదివారం వాక్యం చదవడానికి లేచి తడబడితే, “కూడబలుక్కునేవాడికి బైబిలు ఎందుకిచ్చారు?” అని పెద్దాయన అందరి ముందూ కూర్చోబెట్టాడు.

“పెద్దయ్యగారూ, రాయి దించితేనే బండి లేస్తది. గట్టు మీదకి మోసుకెళ్లాలి. నలుగురం కావాలండి. నేను, మా తమ్ముడు, డ్రైవరు.”

“ఇంకొకణ్ణి పిలువు.”

“ఈ ఎండకి ఎవరున్నారండి ఇక్కడ?”

పెద్దాయన నాలుగు వైపులా చూశాడు. నిజమే, ఎవరూ లేరు. కుర్రాడు తన తువ్వాలు మెలితిప్పి చుట్టకుదురు చేశాడు. “తల వంచండయ్యా” అని ఆయన నెత్తిన పెట్టాడు. ఆ తువ్వాలు చెమట వాసన, డీజిలు వాసన. నలుగురూ నాలుగు మూలలా రాయిని తలకెత్తుకున్నారు.

నాలుగడుగులు వేశారో లేదో పెద్దాయన మెడ నరాలు లాగేశాయి. “ఒరే, బరువంతా నామీదే ఉంది! మీరు ముగ్గురూ మోయట్లేదురా!”

“మోస్తానే ఉన్నామండి. మీరు పొడుగు మనిషి. అట్టా నిటారుగా నుంచుంటే రాయి మీ మీదే కూర్చుంటది. మోకాళ్లు కాస్త వంచి మా ఎత్తుకి రండి.”

వంచాడు. బరువు సర్దుకుంది. గట్టు ఎక్కేదాకా ఆయనకు ముందువాడి మడమలు తప్ప ఇంకేమీ కనపడలేదు.

పైన రాయి దించాక కుర్రాడు దాని ముందు గొంతుక్కూర్చుని చదవబోయాడు. “దే...వు...ని...” చిన్నక్షరాల దగ్గర ఆగిపోయాడు. కింది వరస మాత్రం గడగడా చదివేసి సంతోషంగా అన్నాడు: “ఇదైతే నాలాంటోడు కూడా చదవొచ్చండి. ఎంత పెద్దగా ఉందో!” వాడి మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే పెద్దాయనకు కోపమన్నా వచ్చేది.

ప్రతిష్ఠనాడు గోడకు ఫలకం లేదు. బోరు పంపు దగ్గర, జనం కాళ్లు కడుక్కునే చోట, అక్షరాలు కిందికి పెట్టి పరిచేశారు. ఆరోజు మొదటి పాఠం బల్లకట్టు కుర్రాడు కూడబలుక్కుంటూ చదివాడు. మొదటి కుర్చీ అలవాటు మాత్రం పెద్దాయనకు వెంటనే పోలేదు, ఇంకో ఏడాది పట్టింది.

నీతి: అణకువంటే మైకులో తనను తాను తిట్టుకోవడం కాదు, పక్కవాడి ఎత్తుకు దిగిరావడం. ఫిలిప్పీయుల పత్రిక రెండో అధ్యాయంలో పౌలు క్రీస్తు గురించి చెప్పింది ఈ దిగిరావడమే. లూకా పద్దెనిమిదో అధ్యాయంలోని పరిసయ్యుడు చెప్పుకున్న ఉపవాసాలూ, దశమభాగాలూ నిజమే కావచ్చు, మన పెద్దాయన చందాలాగే. చిక్కల్లా ఆ పరిసయ్యుడు దూరంగా నిలబడ్డ సుంకరితో తనను కొలుచుకోవడం దగ్గర వచ్చింది.

అయితే ఈ నీతి ఎవరికి చెప్పాలన్నది ఇంకో సంగతి. అది తెలియాలంటే ఇక్కడి సంఘాలు ఎలా పుట్టాయో చూడాలి. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో పై కులాల పిల్లల కోసం బడి పెట్టాడు. బడికి మంచి పేరొచ్చింది, బాప్తిస్మాలు కొద్ది. నందిగామ దగ్గరి రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు అదే సొసైటీకి చెందిన డార్లింగ్ దొర చేతిమీదుగా 1859లో బాప్తిస్మం పొందాడు. ఆ తర్వాత మెట్ట పల్లెల్లో మాలలు గుంపులుగా కదిలారు. తరతరాలుగా వంచిన తలలవి. వాళ్లకు వినయం నేర్పాల్సిన పని ఏ దొరకూ లేదు. కొత్త దేవుడి దగ్గర వాళ్లకు దొరికింది తల ఎత్తుకునే ధైర్యం. వాళ్ల మనవలూ మునిమనవలూ కట్టుకున్న గుళ్లలోనే మళ్లీ ముందు కుర్చీ, వెనక చాప రావడం నాకు మింగుడు పడదు.

కాబట్టి పాస్టరుగారు వినయం మీద ప్రసంగం చేసే ఆదివారం ముందు వరస కుర్చీల వైపు తిరిగి చేయాలి. చాపలమీద ఉన్నవాళ్లకు లూకా మొదటి అధ్యాయంలో మరియ పాడిన పాట చదివి వినిపిస్తే చాలు. గద్దెల మీదివాళ్లు దిగడం, దీనులు లేవడం రెండూ అందులో ఉన్నాయి.