పోచమ్మకు తలుపేల?

కామారెడ్డి జిల్లాయందలి పెద్దకొడప్‌గల్ 2016వ సంవత్సరమున మండలకేంద్రమైనది. మరాఠీ, కన్నడ దేశములు పొరుగుగా గల యీ సీమలో ఊళ్లును తండాలును కలిసి మండలమైనట్లే, రుమేనియా దేశమునందును కొన్ని పల్లెలు కూడి యొక పరిపాలనాభాగ మగును. ఆ దేశపు టుత్తరభాగమున మరామురెష్ అను సీమ గలదు. అచ్చటి పల్లెలలోని కొయ్య చర్చీలలో ఎనిమిదింటిని 1999లో యునెస్కోవారు ప్రపంచవారసత్వముగా గుర్తించిరి. రాతితో చర్చి కట్టుకొనుటకు అచ్చటి ఆర్థొడాక్సు క్రైస్తవులకు నాటి ప్రభువులు అనుమతి నీయలేదని చెప్పుదురు. వారు కొయ్యతోనే కట్టుకొనిరి. చెక్కపెంకులు చివికినప్పుడెల్ల మార్చుకొనుచు నిలుపుకొనిరి.

మన పల్లెలలో అట్టివి గలవా యని యెవరైన నడిగినచో రాతిగుళ్లను, కౌలాసు కోటను చూపుదుము. అది సరియైన సమాధానము కాదని మా యభిప్రాయము. రాతిగుడి గడప దాటనీయబడనివారు తమకై యేమి నిలుపుకొనిరో దానిని చూపవలెను. వేపచెట్టు మొదట రెండు రాళ్లు, పసుపు, కుంకుమ, మోకాలెత్తు గూడు. అదియే పోచమ్మ. పలుచోట్ల పూజారి కుమ్మరి. మశూచి లోకమున లేదని 1980లో ప్రకటించిరి. పోచమ్మకు బోనములు మాత్రము తప్పలేదు.

ఆ గూటికి లోపల యనునది లేదు. లోపల లేనిచోట వెలుపల నిలుపబడువాడును లేడు. అట్లని మేము దానిని స్వర్గముగా వర్ణింపబోము. ఎవరి బోనము ముందు, ఎవరిది వెనుక యను తగవులకు అచ్చటను కొదువ లేదు. మాల మాదిగల బోనములను వేరుగా నిలిపిన యూళ్లును గలవు. అయినను అమ్మకును మ్రొక్కువానికిని నడుమ తలుపు లేకుండెను.

ఇప్పుడు పలు యూళ్లలో ఆ గూడు చాలకపోవుచున్నది. సిమెంటు మంటపము, రంగుల గోపురము, ఇనుప కటకటాలు, వానికొక తాళము! వేపమొదలు చుట్టును కాంక్రీటు గద్దె. కట్టించువారిని మేము పరిహసింపము. తమ దేవతను రెండు రాళ్లని చులకన చేసినవారి యెదుట తమకును గోపురము కావలెననుట దురాశ కాదు. పాతదనమును కాపాడుడని బోధించు పట్టణవాసి తాను పూరిగుడిసెలో నుండడు గదా! పొరుగు సీమయైన మెదకులో 1924లో ప్రతిష్ఠింపబడిన చర్చిని చూడుడు. కరవునాట కూలికి పని చూపి కట్టించినది. దాని కప్పు క్రింద నిలిచి ప్రార్థించినవారిలో పెక్కురు ఊరిగుడిలోనికి రానీయబడనివారే. అంత యెత్తైన కప్పు తమదని చెప్పుకొనుట వారికి చిన్న విషయము కాదు.

కావున గోపురము కట్టుకొనుడు. మా యభ్యంతర మంతయు కటకటాలమీదనే. దొంగలభయ మందురు. రెండు రాళ్లను దొంగిలించువా డెవడు? హుండీ పెట్టినపిమ్మట గదా భయము! హుండీకి కమిటీ, కమిటీకి అధ్యక్షుడు, అధ్యక్షునకు కులము. అంటరానితనము 1950 నాటి రాజ్యాంగముచే రద్దయినది. తాళపుచెవి యెవరియొద్ద నుండవలెనో రాజ్యాంగము చెప్పదు. చందా వ్రాసినవారు తమ పేరులను శిలాఫలకముపై నెక్కించుకొనుటకు ముందే, ఆ చెవి యెవరి యింట నుండునో, పొద్దుగూకినవేళ బోనము తెచ్చిన మాదిగ ముదుసలి దానికై యెవరి వాకిట నిలువవలసివచ్చునో గ్రామసభలో తేల్చుకొనుట మేలు.